రాణుల జత మీద త్రీబెట్ వస్తే కాల్ చేయాలా, ఫోర్‌బెట్ చేయాలా?

ప్రశ్న

తొమ్మిది మంది కూర్చున్న హోల్డెమ్ (రెండు సొంత ముక్కలు, ఐదు ఉమ్మడి ముక్కల పోకర్) క్యాష్ గేమ్‌లో నాకు మిడిల్ పొజిషన్‌లో (మాట్లాడే వరుసలో మధ్య చోటు) ఇస్పేటు రాణి, ఆఠీను రాణి వచ్చాయి. అందరి దగ్గరా సుమారు 100 బిగ్ బ్లైండ్ల (ముక్కలు చూడకముందే పెట్టాల్సిన రెండు తప్పనిసరి పందేల్లో పెద్దది) స్టాక్, అంటే ఆడే సొమ్ము, ఉంది. నేను 3 బిగ్ బ్లైండ్లకు రెయిజ్ చేయగా (పందెం పెంచగా), బటన్ మీదున్న, అంటే ఉమ్మడి ముక్కలు పడ్డాక అందరికంటే చివర మాట్లాడే ఆటగాడు దాన్ని 10కి పెంచారు, మిగిలినవారంతా ఫోల్డ్ చేశారు (ముక్కలు పారేశారు). ఆయన చాలాసేపు ముక్కలు పారేస్తూ ఓపికగా కూర్చునే మనిషి, త్రీబెట్ (రెయిజ్ మీద మళ్లీ పెంచడం) చేయడం బహు అరుదు. నేను కాల్ చేశాను (ఆ మొత్తానికి సరిపడా పెట్టాను). ఫ్లాప్‌లో (మొదట పడే మూడు ఉమ్మడి ముక్కలు) రాజు, ఏడు, రెండు పడ్డాయి, మూడూ వేర్వేరు రంగులవి. నేను చెక్ చేస్తే (పందెం కాయకుండా వదిలితే) ఆయన 7 బిగ్ బ్లైండ్లు కాశారు. ఇంత బలమైన జతతో ఫ్లాప్‌కు ముందే ఫోర్‌బెట్ (త్రీబెట్ మీద ఇంకోసారి పెంచడం) చేసి ఉండవలసిందా? ఇప్పుడు ఫోల్డ్ చేస్తే మరీ బెదిరిపోయినట్టు అవుతుందా? దయచేసి లెక్కతో సహా వివరించగలరు.

సమాధానం

మీరు ఫ్లాప్‌కు ముందు కాల్ చేయడం సరైనదే, ఇప్పుడు ఫోల్డ్ చేయడం కూడా సరైనదే అని నా అభిప్రాయం. ఈ రెంటికీ కారణం ఒక్కటే: మీ చేతిలోని జత ఎంత గొప్పదన్నది కాదు, ఎదుటి వ్యక్తి ఏయే ముక్కలతో ఇలా ఆడతారన్నదే ఇక్కడ నిర్ణయాన్ని శాసిస్తుంది.

ఎవరూ ఏమీ చేయకముందు, ఫలానా ఒక ప్రత్యర్థి దగ్గర ఆసుల జత గానీ రాజుల జత గానీ ఉండే అవకాశం 1225 కలయికల్లో 12 మాత్రమే, అంటే ఒక శాతం కూడా లేదు. అయితే అరుదుగా త్రీబెట్ చేసే మనిషి మిడిల్ పొజిషన్ రెయిజ్ మీద త్రీబెట్ చేశారంటే ఆ 1225లో చాలా భాగం అప్పుడే కొట్టివేయబడినట్టు. ఆయన దగ్గర ఆసుల జత, రాజుల జత, ఆసు–రాజు మాత్రమే ఉన్నాయని కఠినంగా అనుకుందాం. జతలు ఒక్కొక్కటి 6 విధాలుగా, ఆసు–రాజు 16 విధాలుగా రావచ్చు కనుక మొత్తం 28 కలయికలు. ఈ రేంజ్ (ఆయన దగ్గర ఉండగల చేతుల సమితి) మీద, ఐదు ముక్కలూ పడేదాకా చూస్తే, రాణుల జత గెలుపు వాటా దాదాపు 40 శాతం. మీరు కాల్ చేయడానికి పెట్టవలసింది 7, అప్పటికి పాట్‌లో (మధ్యలో పోగైన పందెం సొమ్ము) ఉన్నది మీ 3, ఆయన 10, బ్లైండ్ల 1.5 కలిపి 14.5, అంటే కావలసిన వాటా సుమారు 33 శాతం. తర్వాతి వీధుల్లో (పందెం రౌండ్లలో) ముందుగా మాట్లాడవలసింది మీరే కనుక ఆ 40 శాతమంతా మీకు దక్కదు. అయినా కాల్ నిలుస్తుంది, ఎందుకంటే దాదాపు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి ఫ్లాప్‌లోనే మీకు మూడో రాణి పడుతుంది, అప్పుడు ఆసుల జతను అంత తేలిగ్గా వదులుకోలేని ఈయన దగ్గర నుంచి పెద్ద మొత్తం వస్తుంది.

ఫోర్‌బెట్ చేస్తే ఏమవుతుందో చూడండి. ఒకవేళ ఆయన అప్పుడప్పుడు జాకీల జతతోనో పదుల జతతోనో త్రీబెట్ చేసినా, మీరు 24కు పెంచిన మరుక్షణం వాటిని పారేస్తారు. మీరు ఓడించగల చేతులు వెళ్లిపోతాయి, మిమ్మల్ని ఓడించేవి, ఆసు–రాజు మిగులుతాయి. ఆ 28 కలయికల మీద స్టాక్ మొత్తం లోపలికి వెళితే, 201.5 పాట్‌లో మీ వాటా సుమారు 80.6. అందుకోసం మీరు పెట్టేది మరో 97. అక్కడికక్కడే ఫోల్డ్ చేసినదానికంటే కూడా సగటున 16 బిగ్ బ్లైండ్లు ఎక్కువ పోతాయన్నమాట. బలమైన చేతిని బలంగా ఆడాలన్న తొందరలో చాలామంది జారిపోయేది ఇక్కడే.

ఇక ఫ్లాప్ విషయం. రాజు పడ్డాక ఆయన దగ్గర ఆసుల జత 6, రాజుల జత 3, ఆసు–రాజు 12, మొత్తం 21 కలయికలు, అన్నీ మీ కంటే ముందే ఉన్నాయి. పేకలో మీకు మిగిలింది రెండు రాణులు, రివర్ (చివరి, ఐదో ముక్క) దాకా వెళ్లినా అవి పడే అవకాశం 8 శాతం పైచిలుకే. 7 పెట్టి 28.5 కోసం పోటీపడాలంటే దాదాపు 20 శాతం కావాలి. అదే ఫ్లాప్‌లో తొమ్మిది, ఐదు, రెండు పడి ఉంటే ఆ 28లో 16 మీ వెనక ఉండేవి, అప్పుడు ఈ పందేనికి ఫోల్డ్ చేయడం పొరపాటు.

మరొకరి సమాధానం

పై లెక్క ఈ ఒక్క మనిషికి సరిపోతుంది కానీ, చదివేవారు దీన్ని రాణుల జతకు శాశ్వత నియమంగా తీసుకోకూడదని నా మనవి. బటన్ మీద తరచుగా త్రీబెట్ చేసే ఆటగాడు, జాకీలు, పదులతో కూడా వెనక్కి తగ్గని రకమైతే, ఆ రేంజ్‌కు మరో 12 కలయికలు చేరి మీ వాటా 52 శాతం దాకా పెరుగుతుంది, అప్పుడు ఫోర్‌బెట్ చేసి స్టాక్ మొత్తం పెట్టడమే లాభం. పైగా ఫ్లాప్ పడకపోతే రేక్ (పాట్ నుంచి ఆట నిర్వాహకులు తీసుకునే వాటా) తీయని చోట్ల, ముందే ముగిసిన పాట్ పూర్తిగా మీదే అవుతుంది. మీ ఫ్లాప్ మీద కూడా అటువంటి వ్యక్తి పందెం కాస్తే, 33 కలయికల్లో 12 మీ వెనక ఉంటాయి కనుక ఒక్కసారి కాల్ చేసి టర్న్ (నాలుగో ముక్క) చూడటం సబబు.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చిన్న అనుబంధ ప్రశ్న. ఇదే సందర్భంలో మా ఇద్దరి దగ్గరా 250 బిగ్ బ్లైండ్లు ఉంటే ఏమైనా మారుతుందా? నా చేతిలో రాణుల బదులు ఆసుల జత ఉంటే, బలం బయటపడకుండా కాల్ చేయడం మంచిదా?

మొదట సమాధానం ఇచ్చినవారు

స్టాక్ లోతు పెరిగేకొద్దీ రాణుల జతతో మరింత జాగ్రత్త అవసరం. 100 బిగ్ బ్లైండ్లతో మొదలైతే, మీరు కాల్ చేశాక పాట్ 21.5, వెనక మిగిలింది 90, అంటే నాలుగు రెట్ల పైచిలుకు మాత్రమే. 250తో మొదలైతే మిగిలేది 240, పాట్‌కు పదకొండు రెట్లు. టోర్నమెంట్‌లో అయితే బ్లైండ్లు పెరుగుతూ తరుముతుంటాయి, క్యాష్ గేమ్‌లో ఆ ఒత్తిడి లేదు కనుక ఒంటి జతతో అంత పాట్ తయారుచేయడానికి మీకు ఏ తొందరా లేదు. ఫ్లాప్‌లో చిన్న ముక్కలే పడినా ఒక పందేనికి కాల్ చేసి, ఈయన టర్న్ మీద, రివర్ మీద కూడా పెద్దగా కాస్తే వదిలేయండి.

ఆసుల జత మాటకు వస్తే, ఈ వ్యక్తి మీద నేను ఫోర్‌బెట్ చేస్తాను. రెండు ఆసులు మీ దగ్గరే ఉన్నాయి కనుక ఆయన దగ్గర రాజుల జత 6, ఆసు–రాజు 8 విధాలుగా మాత్రమే ఉండగలవు, ఆయన వాటిని పారేసే మనిషి కాదు. కాల్ చేసి ఊరుకుంటే, ఫ్లాప్‌లో ఆసు పడగానే రాజుల జత ఆగిపోతుంది, ఫ్లాప్‌లో ఏమీ కలవకపోతే ఆసు–రాజు కూడా ఆగిపోతుంది, మీకు రావలసిన డబ్బు రాదు. ఆసులతో కేవలం కాల్ చేయడం, చేతిలో ఏమీ లేకపోయినా మూడు వీధులూ కాస్తూ పోయే దూకుడు ఆటగాడి మీదే పనిచేస్తుంది.

మీ ముందు ఇద్దరు ముగ్గురు లింప్ చేసి (పెంచకుండా బిగ్ బ్లైండ్ మాత్రమే పెట్టి) ఉంటే మాత్రం ఏ ఆటగాడి మీదైనా రెయిజ్‌ను మామూలు 3 దగ్గర ఆపకుండా ఒక్కో లింపర్‌కు ఒక్కో బిగ్ బ్లైండ్ కలపండి. ఆసుల జతకు ఏవో ముక్కలున్న ఒక్క ప్రత్యర్థి మీద గెలుపు 85 శాతం, నలుగురి మీద 56 శాతం. నలుగురున్నప్పుడు పాట్ పెద్దదే అయినా, ఫ్లాప్ పడ్డాక ఎవరికి రెండు జతలు కలిశాయో తేల్చుకోవడం మీకు కష్టమవుతుంది.