ఫ్లోరిన్ అంటే పారేదా, పాడుజేసేదా?

మర్రిగూడ పోరడు:
మా తమ్మునికి ట్యూషన్ల సార్ చెప్పిండట, ఫ్లోరిన్ అనే పేరు లాటిన్ల ‘ఫ్లూయెరే’ అంటే పారుడు, గా మాట నుంచి వచ్చిందని, నీళ్లల్ల కలిసి పారుతది గాబట్టే గట్ల పెట్టిండ్రని. నాకైతే నమ్మబుద్ధి అయితలేదు. మనకాడ అది పారే నీళ్లల్ల యాడుంది, బోరు నీళ్లల్ల గదా ఉన్నది?

కెమిస్ట్రీ పిచ్చోడు:
మాట కరెక్టే తమ్మీ, కారణమే తప్పు. నీళ్లతోని దానికి సంబంధం లేదు. ఫ్లోర్‌స్పార్ అని ఒక రాయి ఉంటది, కాల్షియం ఫ్లోరైడ్. కొలిమిల ఖనిజంతోపాటు ఏస్తే అంతా తొందరగ కరిగి పల్చగ జారుతది, అందుకే ఆ రాళ్లకు ‘ఫ్లోరెస్’ అని జర్మనీల ఖనిజాల పండితుడు అగ్రికోలా 1530లోనే రాసిండు. టీవీ మెకానిక్ టంకం పెట్టేటప్పుడు ఫ్లక్స్ పూస్తడు సూడు, అదీ గదే మాట.

పాలమూరు బిడ్డ:
మూలకానికి ఆ పేరు చెప్పింది ఆంపియర్, మన కరెంటు ఆంపియరే. 1812లో ఇంగ్లండు కెమిస్టు హంఫ్రీ డేవీకి ఉత్తరం రాసి, క్లోరిన్ లెక్క ఫ్లోరిన్ అందామన్నడు. తర్వాత ఆంపియరే మాట మార్చి, గ్రీకుల నాశనం అనే అర్థమొచ్చే పేరు పెడదామన్నడు. రష్యావోళ్లు ఇప్పటికీ ‘ఫ్తోర్’ అనే అంటరు. నల్లగొండకు గదే సరైన పేరు, మీరేమన్నా అనుకోండ్రి.

కెమిస్ట్రీ పిచ్చోడు:
అన్నా, ఆయన గట్లన్నది దాని యాసిడ్ గాజును సుత తింటది గాబట్టి, నల్లగొండ నీళ్లు చూసి గాదు. ఫ్రాన్సు కెమిస్టు మువాసాన్ 1886లో ఆ గ్యాస్‌ను విడదీసేదాంక ఎంతమంది ఆగమైండ్రో. మన బోర్లల్ల ఉన్నది గ్యాస్ గాదు, ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే కష్టం. అది మన గ్రానైట్ రాయిలకెల్లే మెల్లగ దిగుతది. పేరూ రాయిదే, రోగమూ రాయిదే.

మర్రిగూడ పోరడు:
గిది సమజైంది. మా నాయనమ్మ పండ్ల మీద గార గీతలుంటయి, మోకాళ్లు సాగవు, చాయ గ్లాసు రెండు చేతులతోని పట్టుకుంటది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి గురించి చెప్తే, ‘మా చిన్నప్పుడు ఎవలు చెప్పిండ్రురా’ అంటది. అర్థం వరకైతే పాలమూరు అన్న దిక్కే నేను. తమ్మునికి మాత్రం కొలిమి కథనే చెప్త, పరీక్షల ఫ్తోర్ అని రాస్తే మార్కులెయ్యరు.

పాలమూరు బిడ్డ:
మాస్కోల రాయమను, ఏస్తరు.