గచ్చు కింద వేడి: కరెంటు తీగలా, వేడినీటి గొట్టాలా?

ఆదిలాబాద్‌లోని మా పాత ఇంటిని బాగు చేయిస్తున్నాము. ఇక్కడ చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత ఒక్కోసారి 5 డిగ్రీలకు దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ తెల్లవారుజామున తాండూరు బండల మీద అడుగు పెట్టలేక, మంచం నుంచి బాత్రూమ్ దాకా గోనెసంచులు పరిపించుకుంటుంది. ఎలాగూ బండలు తీయిస్తున్నాము కనుక, ఆ ఒక్క గదికి గచ్చు కింద వేడినిచ్చే ఏర్పాటు చేయించాలనుకుంటున్నాను.

వేడినీటి గొట్టాలకు 35 నుంచి 45 డిగ్రీల నీరు సరిపోతుంది గానీ, పంపు, హీటరు వేరే కావాలి. పైన కాంక్రీటు పోస్తే గచ్చు రెండు మూడు అంగుళాలు లేచి గడప మునిగిపోతుంది. రెండు నెలల చలికి ఇంత తతంగం ఎక్కువేనని నా అభిప్రాయం. కరెంటు తీగల చాప పలుచన. చదరపు మీటరుకు 150 వాట్ల రకమైతే, మంచం, బీరువా చోటు వదిలేయగా మిగిలే 8 చదరపు మీటర్లకు 1,200 వాట్లు, అంటే నాలుగు గంటలకు దాదాపు 5 యూనిట్లు.

అంగుళానికి పైగా మందమున్న బండ వేడెక్కడానికి ఎంతసేపు పడుతుంది? వేడి భూమిలోకి దిగిపోకుండా అడుగున ఎంత మందం థర్మాకోల్ వంటి పలక వేయాలి? వానాకాలం చెమ్మెక్కే నేల ఇది. కరెంటు లీకేజీని పసిగట్టే 30 మిల్లీఆంపియర్ల బ్రేకరు ఒక్కటే రక్షణగా చాలునా? మా మేస్త్రీ మాత్రం "ఇసుకల పరిచేస్తే అయిపోతది సార్" అంటున్నాడు, నాకు ధైర్యం చాలడం లేదు. స్వయంగా వేయించుకున్నవారు దయచేసి తెలియజేయగలరు.