బతికుండగానే పొలం రాసేయాలా, వీలునామా చాలా?

చంపావతి గట్టు:
మాది డెంకాడ మండలంలో ఒక ఊరు. నాన్నకి 71 ఏళ్లు, నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. పీఎఫ్ పెన్షన్ నెలకి 1,800 వస్తుంది, అంతే. భూమి ఎకరా ఎనభై సెంట్లు. అందులో ఎకరా తాత నుంచి వచ్చింది, మిగతా ఎనభై సెంట్లు నాన్న మిల్లు జీతంలోంచి మిగుల్చుకుని కొన్నాడు. ఇది కాక పోయినేడాది రోడ్డు పక్క ఇంటి స్థలం అమ్మిన 12 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. నేను చెన్నైలో ఉంటాను. అన్నయ్య ఊళ్లోనే ఉంటాడు, పొలం వాడే చేస్తాడు. అక్కని చీపురుపల్లి ఇచ్చాం. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని మా వైపు రేట్లు పెరిగాయి, దాంతో అన్నయ్య "ఇప్పుడే రాసేయండి, మీ తర్వాత గొడవలెందుకు" అని ప్రతి ఆదివారం మొదలెడుతున్నాడు. నాన్న అవుననడు, కాదనడు, చుట్ట వెలిగించుకుని అరుగు మీదకి వెళ్లిపోతాడు. అడిగేది ఒక్కటే. ఉండగానే పిల్లల పేర రాసేయడం మంచిదా, వీలునామా రాసి ఊరుకోవడం మంచిదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, యూట్యూబ్ లాయర్లని ఇప్పటికే చాలామందిని విన్నాను.

పాలకొండ రోడ్డు:
రాసేయమనే చెప్తాను. నేను మీ అన్నయ్య లాంటివాణ్నే. రాజాం దగ్గర మా ఊరు, తమ్ముడు హైదరాబాదు వెళ్లిపోయాడు, నేను ఉండిపోయాను. నాన్న పేరు మీదున్న పొలాన్ని పన్నెండేళ్లు దున్నాను. పాసుపుస్తకం ఆయనది, పంట రుణానికి ఆయన వేలిముద్ర కావాలి, పీఎం కిసాన్ 6,000 ఆయన ఖాతాలో పడతాయి, మోటారు మీటరు ఆయన పేరు మీదే. మోకాళ్లు వాచిపోయిన మనిషిని బండి వెనక కూర్చోబెట్టుకుని ప్రతి ఏటా రెన్యువల్‌కి బ్యాంకు మెట్లు ఎక్కించడం చెన్నైలో ఉన్నవాళ్లకి తెలియదు. సంక్రాంతికి వచ్చి మూడు రోజులుండి అరిసెలు డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయేవాడికి సగం, రాత్రి రెండింటికి అమ్మకి ఆయాసం వస్తే ఆటో వెతికినవాడికీ సగం. ఇది సమానమా? తప్పుగా అనుకోకండి, మీ అన్నయ్య ఆశపడుతున్నాడని అందరూ అనేస్తారు కాబట్టి చెప్తున్నాను.

బొబ్బిలి మాస్టారు:
బాబూ, నీ బాధ అబద్ధం కాదు. కానీ నువ్వు చెప్పిన ఆ బ్యాంకు మెట్లే చాలామంది తండ్రులకి ఉన్న ఒక్క ఆధారం. సంతకం అవసరం ఉన్నంతవరకే బండి వస్తుంది కొన్ని ఇళ్లలో. నువ్వు అలాంటివాడివని అనడం లేదు. మా వీధిలో ఒకాయన ఇల్లుతో సహా ముగ్గురు కొడుకులకీ రాసిచ్చేశాడు. మొదటేడు బాగానే గడిచింది, తర్వాత నెల వంతులు పెట్టారు. ఒకసారి ముప్పై ఒకటో తారీఖు ఎవరి వంతులోకి వస్తుందన్న దగ్గర కోడళ్లిద్దరికీ పడలేదు. పెద్దాయన బట్టల సంచీ పట్టుకుని పొద్దున్నే మా అరుగు మీద కూర్చున్నాడు, ఆ రోజు రెండు పూటలూ మా ఇంట్లోనే తిన్నాడు. మర్నాడు ఒకటో తారీఖు, వంతు మారింది, లేచి వెళ్లిపోయాడు. ఆయనకి అప్పటికి సెంటు భూమి కూడా తన పేరున లేదు.

ఇంకో మాట, అప్రస్తుతమైతే క్షమించండి. 2024 జులైలో వృద్ధాప్య పింఛను 4,000 చేశాక అదే వీధిలో ఒక ముసలమ్మని "నా దగ్గరే ఉండాలి" అని ఇద్దరు కొడుకులూ పోటీ పడ్డారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాలకొండ రోడ్డు:
మాస్టారూ, రాసిచ్చి మోసపోయినవాళ్ల కథలే చెప్తారు అందరూ. వీలునామా కథ నేను చెప్తాను వినండి. మా తాతయ్య తెల్లకాగితం మీద శుభ్రంగా రాశాడు, ఇద్దరు సాక్షులు పెట్టాడు, రిజిస్టర్ చేయించలేదు. ఆయన పోయిన ఆరేళ్లకి కాగితం బయటికి తీసేసరికి సాక్షులిద్దరూ కూడా పోయారు. చిన్నాన్న "ఆ సంతకం మా నాన్నది కాదు" అన్నాడు. తొమ్మిదేళ్లు వాయిదాలు. పొలంలో సర్కారు తుమ్మ మొలిచి నిలువెత్తు పెరిగింది. మనిషి ఎదురుగా ఉండగా రాస్తే "నేనే రాశాను" అని చెప్పడానికి ఆయన ఉంటాడు కదా?

గంటస్తంభం:
తొమ్మిదేళ్లంటే లాయరుగారి మేడ మీద రెండో అంతస్తు లేచి ఉంటుంది.

దస్తావేజు బల్ల:
శ్రీకాకుళంలో దస్తావేజులు రాస్తాను, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మీరిద్దరూ ఒకదానికొకటి కలిపేస్తున్నారు, విడదీసి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, రాసిన మనిషి ముందు ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తప్పనిసరి కాదు కదా అని మానేసినవాళ్లే తర్వాత పాలకొండ రోడ్డు గారి తాతయ్యలా అవుతారు. రిజిస్టర్ చేయించండి, సాక్షులుగా మీకంటే చిన్న వయసు వాళ్లని పెట్టండి, వైద్యం చేసే డాక్టరు ఒక సాక్షి అయితే మరీ మంచిది. ఎనభై ఏళ్ల స్నేహితుణ్ని సాక్షి పెట్టి మురిసిపోయేవాళ్లని వారానికి ఒకర్ని చూస్తాను.

సెటిల్‌మెంట్, అంటే బతికుండగానే ఇంట్లోవాళ్ల పేర రాసిచ్చే దస్తావేజు, అలా కాదు. రిజిస్టరై, అవతలివాళ్లు పుచ్చుకున్నాక, మనసు మారిందని ఒంటిచేత్తో రద్దు చేసుకోవడం కుదరదు. అమ్మకం కంటే ఖర్చు బాగా తక్కువని చాలామంది దీనికి తొందరపడతారు.

ఇక మాస్టారు చెప్పిన పెద్దాయన లాంటివాళ్ల కోసమే 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ తీర్పు ఇవ్వొచ్చు. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీఓ గారే. కిటుకంతా ఆ "షరతు" అన్న మాటలో ఉంది. షరతు ఉన్నట్టు చూపించకపోతే 23వ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఈ చట్టం పెద్దవాళ్ల మేలు కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా చదవాలని, ట్రిబ్యునల్ ఆస్తిని వెనక్కి స్వాధీనం కూడా చేయించొచ్చని చెప్పింది. అయితే ఆ కేసులో కొడుకు సంతకం చేసిన హామీ కాగితం ఒకటి విడిగా ఉందని గుర్తుంచుకోండి. మనవాళ్లు "ప్రేమాభిమానములతో దఖలు పరచితిమి" అని రాయించుకుని వెళ్లిపోతారు, అన్నం సంగతి ఎక్కడా ఉండదు. "సొంత కొడుక్కి షరతేంటండీ, బాగోదు" అంటారు నా బల్ల ముందు నిలబడి. అదే మనిషి మూడేళ్లకి ఆ దస్తావేజు నకలు కోసం వస్తాడు.

మధ్యే మార్గం ఒకటుంది. "మా ఉభయుల జీవితాంతం మేము అనుభవించి, మా తదనంతరం నీవు సర్వహక్కులతో అనుభవించునది" అని రాసి, పోషణ, వైద్యం షరతు కూడా కలపడం.

పాలకొండ రోడ్డు:
ఆ మధ్యే మార్గంతో బ్యాంకువాడు నాకు రుణం ఇస్తాడా? మళ్లీ నాన్న సంతకమే అంటాడు. ఆ ట్రిబ్యునలూ మెత్తటి పులే. పోషణ కింద నెలకి 10,000 మించి వేయడానికి లేదట.

దస్తావేజు బల్ల:
రుణం సంగతి నిజమే, తండ్రి సంతకం అడుగుతారు. పది వేల పరిమితీ నిజమే. కానీ అది పోషణకి, ఆస్తి వెనక్కి తీసుకోవడానికి కాదు. నోటీసు అందిన 90 రోజుల్లో పోషణ దరఖాస్తు తేల్చాలి, మహా అయితే ఇంకో 30 రోజులు. తొమ్మిదేళ్లతో పోల్చుకోండి.

చంపావతి గట్టు గారూ, మీరు ఒకటి చెప్పలేదు. తాత నుంచి వచ్చిన ఎకరా ఆయనకి ఎలా వచ్చింది? పంపకాల దస్తావేజు ఉందా? ఎనభై సెంట్లు మీ నాన్నగారి స్వార్జితం, ఎవరికైనా రాసుకోవచ్చు. ఎకరా ఉమ్మడి ఆస్తి అయితే మొత్తం రాసే హక్కు ఆయనకి లేదు, వీలునామాలో కూడా తన వాటా వరకే.

చంపావతి గట్టు:
ముత్తాత నుంచి తాతకి, తాత ఉండగానే నాన్నా చిన్నాన్నా పంచుకున్నారు. దస్తావేజు లేదు, పెద్దమనుషులు రాసిన కాగితం ఒకటి ట్రంకు పెట్టెలో ఉంది, చెదలు కొంత తినేసింది.

ఉద్దానం కోడలు:
ఇంతసేపూ చదివాను. అన్నయ్య, తమ్ముడు, తండ్రి, బ్యాంకు, మోటారు మీటరు కూడా వచ్చింది. అక్క ఒక్క వాక్యంలో చీపురుపల్లి వెళ్లిపోయింది. వాళ్లమ్మ అయితే ఆ వాక్యంలో కూడా లేదు. ఆవిడ వయసెంతో ఎవరికైనా తెలుసా? మగవాళ్లు భార్యల కంటే ముందు పోవడం మన ఊళ్లలో ఎంత మామూలో మీకు తెలియదా? మా అత్తగారికి అదే జరిగింది. మావయ్యగారు ఉండగానే జీడితోటంతా కొడుకుల పేర పెట్టేశారు, 2018లో తిత్లీ తుపానుకి చెట్లన్నీ పడిపోయాయి, ఆ మరుసటేడు ఆయన పోయారు. ఆవిడకి మిగిలింది చెవుల కమ్మలు. మేం చూసుకుంటున్నాం, అది వేరే సంగతి. కానీ పెసలు కొనడానికి కూడా నన్ను డబ్బులడిగేటప్పుడు ఆవిడ మొహం నేను చూస్తాను కదా.

పాలకొండ రోడ్డు:
అమ్మా, తల్లి సంగతి ఒప్పుకుంటాను, నాకూ తట్టలేదు. అక్క సంగతి వేరు. ఆడపిల్లకి పెళ్లినాడే పసుపు కుంకుమ కింద ఇస్తాం, కట్నం ఇస్తాం. మళ్లీ వాటా అంటే పొలం ఎక్కడ మిగులుతుంది?

ఉద్దానం కోడలు:
కట్నం మీ బావకి ఇచ్చారు, అక్కకి కాదు. పసుపు కుంకుమ పొలమైతే ఎన్ని ఊళ్లలో ఆడపిల్ల పేర రిజిస్టరైందో దస్తావేజు బల్ల గారినే అడగండి.

దస్తావేజు బల్ల:
తక్కువే. నోటిమాటే ఎక్కువ.

చట్టం మాట చెప్తాను, తిట్టకండి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి హక్కు దేశం మొత్తానికి 2005 సెప్టెంబరు 9న వచ్చింది, మన రాష్ట్రంలో అంతకు ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఇచ్చారు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగువు కూడా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చేసింది, అక్కర్లేదని. అక్కని వదిలేసి ఎకరా రాయించుకుంటే మీ పిల్లల కాలంలో కేసు ఖాయం. ఆవిడ వద్దంటే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టర్ చేయించండి, రాఖీ నాడు అన్న మాట చాలదు.

పోస్టాఫీసు కిటికీ:
నేను విజయనగరంలో తపాలాలో చేసి రిటైరయ్యాను. అందరూ భూమి మీదే పడ్డారు, ఆ 12 లక్షల గురించి ఎవరూ అడగలేదు. అసలు తగువు దాని మీద రావాలి. ముసలివాళ్లకి పొలం అన్నం పెట్టదు, నెలనెలా చేతికొచ్చే రూపాయి పెడుతుంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీములో వేయండి, ఇప్పుడు 8.2 శాతం ఇస్తున్నారు, మనిషికి 30 లక్షల వరకూ వేయొచ్చు, అయిదేళ్లు. 12 లక్షలకి ఏడాదికి 98,400, మూడు నెలలకోసారి 24,600 చేతికొస్తాయి. లక్ష లోపే కాబట్టి టీడీఎస్, అంటే వడ్డీలోంచి ముందే కోసుకునే పన్ను, కూడా పట్టరు. జాయింటుగా వేయాలంటే భార్యాభర్తలే వేయాలి, కొడుకుతో కుదరదు. నాకు ఆ స్కీములో బాగా నచ్చిన రూలు అదే.

మధ్యలో తీస్తే కోత ఉంటుంది, ఏడాది లోపయితే వడ్డీ మొత్తం పోతుంది, కాబట్టి ఆసుపత్రి అవసరానికి లక్షో రెండు లక్షలో విడిగా ఉంచుకోండి. ఇంకో సంగతి, నామినీ అంటే వారసుడు కాదు. డబ్బు తీసుకుని హక్కుదారులకి అందించేవాడు, అంతే. నా కౌంటరు ముందే అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారు దీని మీద.

బొబ్బిలి మాస్టారు:
ఇది నేను మొదట చెప్పాల్సింది. వడ్డీ మీద బతికే తండ్రికి సెటిల్‌మెంట్ రాసినా ధైర్యం ఉంటుంది.

పాలకొండ రోడ్డు:
అంటే చివరికి ఊళ్లో ఉన్నవాడికి ఏమీ ఇవ్వొద్దనే తేల్చారు.

బొబ్బిలి మాస్టారు:
ఎవరన్నారు? ఎనభై సెంట్లు పూర్తిగా వాడికే రాయమంటాను నేను, చేసినందుకు. దర్జాగా, చెన్నై తమ్ముడి సంతకంతో సహా. షరతు రాసి రాయమంటున్నాను.

చంపావతి గట్టు:
పదకొండు రోజుల తర్వాత వస్తున్నాను, ఊరెళ్లాను. అక్కని కూడా పిలిచాను, అన్నయ్యకి అది నచ్చలేదు. ఎనభై సెంట్లు వాడికి రాయడానికి నేనూ అక్కా ఒప్పుకున్నాం, అమ్మానాన్నల జీవితాంతం అనుభవ హక్కు, పోషణ షరతుతో. షరతు అనగానే వాడు లేచి పొలం వైపు వెళ్లిపోయాడు, రాత్రి తొమ్మిదింటికి వచ్చాడు, "సరే రాయండి" అన్నాడు. మొహం మాత్రం ఇంకా అలానే ఉంది. పాలకొండ రోడ్డు గారూ, మీరు మొదట రాసింది వాడికి చదివి వినిపించాను, దానికి మాత్రం తలూపాడు. ఎకరా సంగతి ఇప్పుడు కదపొద్దన్నాడు నాన్న, ఆ చెదలు తిన్న కాగితం అక్క ఫొటో తీసి పెట్టుకుంది.

డబ్బు పోస్టాఫీసులోనే వేద్దామనుకున్నాం. తీరా చూస్తే అమ్మకి పాన్ కార్డు లేదు. ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. 66 ఏళ్ల మనిషికి ఇన్నాళ్లూ పాన్ అవసరం రాలేదంటే ఉద్దానం కోడలు గారు అన్నది నిజమే. అప్లికేషన్ దగ్గర అమ్మ వేలిముద్ర వేస్తానంది. అక్క ఒప్పుకోలేదు, పాత క్యాలెండరు వెనక పేరు రాసిచ్చి రెండు రోజులు రాయించింది. పోస్టాఫీసు కిటికీ గారూ, ఆధార్‌లో పేరు ముందు సరిచేయించి పాన్‌కి పెట్టాలా, రెండూ ఒకేసారి పెట్టొచ్చా?