కళింగపట్నం, భావనపాడు వైపు కయాక్ మీద గాలం వేయొచ్చా?

అరసవల్లి_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా బావ హ్యూస్టన్‌లో ఉంటాడు, వారాంతం వస్తే చాలు గాల్వెస్టన్ బేలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేసుకుని స్పెకిల్డ్ ట్రౌట్ అనే చేప కోసం పోతాడు, అక్కడి నుంచే వీడియో కాల్ చేసి నన్ను ఊరిస్తాడు. మోకాలి లోతు నీళ్లు, అడుగున గడ్డి, పైన బెండు, దాని కింద రెండడుగుల లైనుకి ప్లాస్టిక్ రొయ్య. రాడ్‌ని ఒక్కసారి కుదిపితే బెండు టప్‌మని చప్పుడు చేస్తుంది, రెండు మూడు టప్‌ల తర్వాత బెండే మాయం! చూసి చూసి ఆగలేక వైజాగ్‌లో ఒకాయన దగ్గర పాత కయాక్ కొనేశాను, పైన కూర్చునే రకం, పదడుగులది.
ట్రౌట్ మన దగ్గర దొరకదని తెలుసు. అదే పద్ధతిలో పండుగప్ప పడుతుందా? కళింగపట్నంలో వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర దిగొచ్చా, లేక భావనపాడు క్రీక్ నయమా? వేట నిషేధం కయాక్‌కి కూడా ఉంటుందా? ఈత వచ్చు మొర్రో అన్నా అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.

గార_మండలం:
తమ్ముడూ, మీ అమ్మగారి భయంలో అర్థం ఉంది. మొగ దగ్గర మాత్రం దిగకు. మాది వేట చేసే ఇల్లే, ఫైబర్ బోటుకి ఇంజను ఉండి కూడా మావాళ్లు మొగ దాటేటప్పుడు అల చూసుకుని, ఆగి, అప్పుడు దాటతారు. పాటు మీద, అంటే పోటు తగ్గి నీరు వెనక్కి తీసే వేళ, నది నీరు బయటికి లాగుతుంటే ఎదురుగా సముద్రపు అల వచ్చి ఇసుక మేట మీద విరుగుతుంది, అక్కడ నీ పదడుగుల ప్లాస్టిక్ పడవ అడ్డం తిరిగిందంటే బోల్తాయే, తర్వాత ఈత వచ్చినా నీళ్లు నిన్ను సముద్రంలోకే తీసుకుపోతాయి. పైగా ఆ మేట ఎప్పుడూ ఒకే చోట ఉండదు, ఒక్క వరద వస్తే మొత్తం మారిపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని వింటే నదివైపు పోనే వద్దు. సంక్రాంతి నుంచి మార్చి దాకా మంచి కాలం.
మొగకి బాగా లోపల, ఒడ్డున మనుషులు కనిపించే చోట దిగు. ఇంకో సంగతి, పొద్దున్నే కొండగాలి నేల మీద నుంచి సముద్రంవైపు తోస్తుంది, అదే టైముకి పాటు కూడా ఉంటే రెండూ కలిసి నిన్ను మొగవైపే నెడతాయి, నువ్వేమో గాలం మీద ధ్యాసలో ఉంటావు. అందుకని ముందు ఎదురు తెడ్డు వేసి పైకి పో, వచ్చేటప్పుడు నీరే తెస్తుంది. లంగరు ముక్కుకో వెనక్కో కట్టు, పక్కకి కట్టావా, ప్రవాహంలో పడవ వాలిపోతుంది. నీళ్లు లోతు లేనిచోట లంగరు కూడా దండగ, ఓ వెదురు గెడ బురదలో దిగేసి తాడు చుట్టుకో.
పండుగప్ప సంగతి: పోటు నిండి తిరిగి పాటు మొదలయ్యే వేళ చూడు. చిన్న చిన్న కాలవల నుంచి రొయ్య పిల్ల, చేప పిల్ల నీళ్లతో పాటు కిందికి దిగుతాయి, ఆ కాలవ నోటి దగ్గర ఇది పొంచి ఉంటుంది. వంతెన స్తంభాల నీడలో కూడా. అమావాస్య, పున్నమికి లాగుడు మరీ ఎక్కువ, కొత్తవాడివి కాబట్టి అష్టమి నవమి రోజుల్లో మొదలుపెట్టు.
నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, అది ఇంజను ఉన్న పడవలకి. తెడ్డుతో నడిచే వాటికి మినహాయింపు ఉంది. అయినా మెరైన్ పోలీసులకి ఒక మాట చెప్పి దిగు. ఊళ్లో బోట్లన్నీ ఒడ్డున ఉండగా నువ్వొక్కడివే రంగు పడవేసుకుని తిరిగితే నలుగురూ అడుగుతారు కదా.

భోగాపురం_టు_టెక్సస్:
మాది భోగాపురం, ఉండేది కార్పస్ క్రిస్టీలో, మీ బావగారు చేసే పనే నేనూ చేస్తాను. బెండు పద్ధతి అక్కడ పనికొస్తుంది కానీ చేప స్వభావం వేరు. ట్రౌట్ నిజానికి మన కచిడి కుటుంబంలోది, దాని నోరు మెత్తన, గట్టిగా లాగితే పెదవి చిరిగి గాలం ఊడి వచ్చేస్తుంది, అందుకే మేం మెల్లగా తిప్పుతూ తెస్తాం. పండుగప్ప నోరు గట్టిది, కరవగానే ఒక్క గుంజు గుంజకపోతే గాలం దిగదు. దిగాక గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది చూడండి, లైను వదులైతే అంతే సంగతులు. చివర మూడడుగులు మందమైన నైలాన్ లీడర్ (గాలానికీ లైనుకీ మధ్య కట్టే ముక్క) కట్టండి, లేకపోతే దాని గరుకు నోటికి సన్న బ్రెయిడ్ (అల్లిన లైను) తెగుతుంది. పట్టుకున్నాక మొప్పల దగ్గర వేలు పెట్టొద్దు, ఆ అంచు బ్లేడే.
ఇంకోటి, ఇక్కడ గడ్డి మీద నీళ్లు తేటగా ఉంటాయి, చేప ఎరని కంటితో చూస్తుంది. మన క్రీకుల్లో బురద నీళ్లు, అందుకని చప్పుడు చేసే ఎరలు కొనండి, రంగుల మీద డబ్బు తగలెయ్యకండి.
2021 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలికి ఇక్కడ బోలెడు ట్రౌట్ చచ్చిపోయింది. 2024 నుంచి టెక్సస్‌లో రోజుకి మూడే ఉంచుకోవాలి, అవీ 15 నుంచి 20 అంగుళాల మధ్యవి. మన దగ్గర గాలం వేసేవాడికి అలాంటి లెక్క ఎవరూ అడగరు, కానీ పండుగప్ప ముందు మగగా ఉండి బాగా పెరిగాకే ఆడగా మారుతుంది, అంటే మీరు ఫోటో దిగి ఇంటికి తెచ్చుకునే ఆ పెద్ద చేపే గుడ్లు పెట్టేది. కూరకి మధ్యరకంది చాలు, రుచి కూడా దానిదే బాగుంటుంది.

కోనాడ_కుర్రోడు:
నేను చంపావతి మొగకి లోపల తిరుగుతుంటాను. పండుగప్ప సంగతి అలా ఉంచండి బాబూ, ముందు పడేది జెల్ల! దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా సలుపు. టేకు చేప ముల్లు కూడా అంతే, అందుకే లోతు తక్కువని దిగి నడిచేటప్పుడు పాదం ఎత్తి వెయ్యకండి, బురదలో ఈడ్చుకుంటూ నడిస్తే అదే పక్కకి తప్పుకుంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి ఉంచాలి, నొప్పి బాగా తగ్గుతుంది, తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. ఫ్లాస్క్‌లో వేడి నీళ్లు పట్టుకెళ్లండి, ఏమీ గుచ్చుకోకపోతే టీ కలుపుకోవచ్చు.
భావనపాడు క్రీక్ బాగుంటుంది కానీ నౌపడ ఉప్పు మడులవైపు పోయేకొద్దీ నీళ్ల లోతు తగ్గిపోతుంది, పాటు మీద బురదలో ఇరుక్కుంటే మళ్లీ పోటు వచ్చేదాకా ఎండలో కూర్చోవడమే. చలికాలంలో ఆ చుట్టుపక్కల తేలినీలాపురం కొంగలు, పెలికాన్లు మేతకి దిగుతాయి, గుంపు కనిపిస్తే దూరం నుంచే తిరిగి వచ్చెయ్యండి. వలలకి కట్టిన బెండ్లు, కర్రలు చూసుకోండి, మీ గాలం వలకి తగిలితే లాగి చింపకండి, లైనే కోసెయ్యండి. యాభై రూపాయల ఎర పోతే పోయింది, పాపం అతనికి వలే జీవనం.

అరసవల్లి_అబ్బాయి:
చాలా థాంక్స్ అన్నా, మొగ ఆలోచన మానేశాను. లైఫ్ జాకెట్ వైజాగ్‌లో తీసుకుంటాను. గాలి, అల ముందే చూసుకోవడానికి ఏదైనా ఉందా?

గార_మండలం:
హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్లు అల ఎత్తు, గాలి, పోటు టైములు రోజూ ఇస్తారు, ఫోనులోనే చూడొచ్చు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, సేవ్ చేసుకుని ఫోనుని నీళ్లు దూరని కవర్లో పెట్టి మెడలో వేసుకో, కయాక్ డబ్బాలో పెడితే బోల్తా పడ్డప్పుడు అందదు. జాకెట్ కొనేటప్పుడు వేసుకుని చూసి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమను, గడ్డం దాటి వస్తే సైజు పెద్దదని లెక్క. మొదటిసారి వచ్చే ముందు మెసేజ్ పెట్టు, మా తమ్ముడు ఒడ్డునే ఉంటాడు.