ట్రింకోమలిలో ఒక్క పగలు: కోణేశ్వరమా, పొలన్నరువా? 22 మందిమి తేల్చుకోలేకపోతుండాం

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. పొద్దున పూట కలిసి నడిచే బ్యాచ్ మాది, 22 మందిమి. ఎక్కువ మంది రిటైరైనోళ్లమే, 58 నుంచి 74 దాకా వయసులు. చెన్నై నుంచి శ్రీలంక పొయ్యే క్రూయిజ్‌కి టికెట్లు తీసుకున్నాం. 2023 జూన్‌లో ఈ ఓడ మొదలైనప్పటి నుంచి అనుకుంటా ఉంటే ఇప్పటికి కుదిరింది. మా కాగితంలో ట్రింకోమలికి పొద్దున 8కి చేరి సాయంత్రం 5.30కి బయల్దేరుతుందని ఉంది. గంట ముందే ఓడెక్కేయాలంట.

గొడవంతా ఆ ఒక్క పగటి గురించే. సగం మంది ఊళ్లోనే ఉన్న కోణేశ్వరం శివాలయం చాలంటారు. మిగతా సగం, లోపలికి పోయి పొలన్నరువలో చోళుల రాతిగుడి చూడకపోతే పురాతన దేవాలయాల యాత్ర అని పేరు పెట్టుకోవడమే దండగంటారు. నిన్న టీ బంకు దగ్గర మాటామాటా పెరిగి ఇద్దరు ఈ రోజు నడకకే రాలేదు. నలభై ఏళ్ల స్నేహాలు ఇవి, మనసుకి కష్టంగా ఉంది. బండి మాట్లాడేది నేనే. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కావలి_మాస్టారు
చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, మొహమాటం లేకుండా చెప్తాను. పాత గుడి చూడాలన్నదే మీ కోరికైతే, కోణేశ్వరంలో ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడం పాతది కాదు. అసలు గుడిని 1622లో పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు. ఆ రాళ్లే తీసుకుపోయి పక్కనే కోట కట్టుకున్నారు. దాన్నే ఇప్పుడు ఫ్రెడరిక్ కోట అంటున్నారు. మీరు దణ్ణం పెట్టుకునే గుడికి కుంభాభిషేకం జరిగింది 1963లో. మీ బ్యాచ్‌లో కొందరి కంటే దాని వయసు తక్కువ.

పొలన్నరువ సంగతి వేరు. 10వ శతాబ్దం చివర్లో చోళులు అనురాధపురాన్ని కొట్టి రాజధానిని అక్కడికి మార్చారు, జననాథమంగళం అని పేరు పెట్టారు. వాళ్ల ఏలుబడిలో కట్టిన శివాలయం ఒకటి ఈరోజుకీ నిలబడి ఉంది. ఇప్పుడు దాన్ని రెండో నంబరు శివాలయం అంటారు గానీ, శాసనాల్లో పేరు వానవన్ మాదేవి ఈశ్వరం. అది ఒక చోళ రాణి పేరు. పునాది నుంచి శిఖరం దాకా రాయి, గోడల మీద తమిళ శాసనాలు. దగ్గర్లోనే గల్ విహార ఉంది. 12వ శతాబ్దంలో పరాక్రమబాహు ఒకే బండలో నాలుగు మూర్తులు చెక్కించాడు, పడుకున్న బుద్ధుడే 46 అడుగుల పొడవు. అంత దూరం సముద్రం దాటి వెళ్లి, ఇవి చూడకుండా ఒక కాంక్రీటు మండపం చూసి రావడం నాకు మింగుడు పడదు.

ఒంగోలు_గిత్త
సముద్రం దాటేది ఎందుకన్నా? మన భైరవకోన ఉంది. కొండని తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. చోళులకంటే పాతవి, పల్లవుల కాలం నాటివి. సి.ఎస్.పురం దాకా బస్సు మాట్లాడుకుంటే ఒక్కరోజులో అయిపోద్ది. ఈ పడవ ఖర్చుతో పదిసార్లు పోయి రావచ్చు.

పెన్నా_ఒడ్డు
అబ్బయ్యా, భైరవకోన మేం కార్తీకంలో మూడుసార్లు పొయ్యొచ్చాం. ఓడ టికెట్లకి డబ్బులు కట్టేశాం. ఇప్పుడు ఈ రోజు సంగతి చెప్పు.

ఇసుకదిబ్బ (కృష్ణపట్నం)
నేను సరుకు ఓడల్లో ఇంజిన్ రూములో పనిచేసినవాణ్ణి. గుడుల గురించి పెద్దోళ్లు మాట్లాడుకోండి. టైం గురించి మాత్రం నా మాట వినండి.

8కి ఓడ వస్తుందంటే 8కి మీ కాళ్లు నేల మీద ఉంటాయని కాదు. ఓడని కట్టాలి. అధికారులు పైకొచ్చి కాగితాలు చూడాలి. ఆ తర్వాత వందల మంది వరసలో దిగాలి. మీ 22 మంది దిగి, తలలు లెక్కపెట్టుకొని, బాత్రూముకి పోయినోళ్లని వెతుక్కొని బండెక్కేసరికి 9.30 అనుకోండి. జెట్టీలో కట్టకుండా బయట లంగరేసి చిన్న పడవల్లో దించితే ఇంకో ముప్పావుగంట పోతుంది. ఈ సంగతి ఇప్పుడే టికెట్లు ఇచ్చినోళ్లని అడగండి.

హబరణ మీదుగా పొలన్నరువ దగ్గరదగ్గర 130 కిలోమీటర్లు. మీ వయసుకి మధ్యలో ఒక్కసారైనా బండి ఆపాల్సిందే. మూడు గంటలు వేసుకోండి. చేరేది 12.30కి. 4.30కి ఓడలో ఉండాలంటే, రేవు గేటు దగ్గర చెకింగుకి పావుగంట తీసేస్తే, 1.15కి అక్కడ బయల్దేరాలి. ఎంత మిగిలింది? ముప్పావుగంట. అదీ నడినెత్తిన ఎండలో, అన్నం తినకుండా. దీనికోసం రానూపోనూ 260 కిలోమీటర్లు. హబరణ చుట్టుపక్కల ఏనుగులు రోడ్డుకి అడ్డమొస్తాయి. అవి పక్కకి పొయ్యేదాకా హారన్ కొట్టకుండా నిలబడాల్సిందే.

ఇంకో మాట. ఓడ వాళ్లే అమ్మే టూరులో పోతే, ఆ బస్సు ఆలస్యమైనా ఓడ మామూలుగా ఆగుతుంది. మీరు సొంతంగా మాట్లాడుకున్న బండైతే ఆగదు. ఓడని రేవు దాటించే పైలట్‌కి, లాగే టగ్గు పడవలకి టైం చెప్పి ఉంటారు, ఓడ కట్టే బెర్తుకి అద్దె లెక్క ఉంటుంది. ఒక రేవులో మా పక్క బెర్తు నుంచి ప్రయాణికుల ఓడ కదిలిపోతుంటే ఐదుగురు సంచులు పట్టుకొని పరుగెత్తుకుంటా రావడం కళ్లారా చూశాను. ఓడకీ గట్టుకీ మధ్య అప్పటికి పది గజాల నీళ్లే. అయినా ఎవరూ ఏం చెయ్యలేకపోయారు. అందులో ఒక పెద్దావిడ గట్టు మీదే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ గుర్తుంది నాకు.

కావలి_మాస్టారు
లెక్క బాగానే చెప్పారు, కాదనను. అయితే ఓడవాళ్ల టూరులోనే పొలన్నరువ ఉంటే దానిలో పోవచ్చు కదా? ఆగుతుందని మీరే అన్నారు.

ఇసుకదిబ్బ (కృష్ణపట్నం)
ఉంటే పోవచ్చు మాస్టారూ. భయం లేకుండా పోతారు, అంతే. ముప్పావుగంట మాత్రం రెండు గంటలు కాదు.

కందుకూరు_అక్క
మాస్టారన్నా, మీ చదువుకి దణ్ణం. కానీ కాంక్రీటు మండపం అన్న మాట నాకు గుచ్చుకుంది.

నేను విమానంలో కొలంబో మీదుగా పోయి వచ్చాను, పదకొండు మంది ఆడవాళ్లం. మేం ఎందుకు పోయామంటే కోణేశ్వరంలో ఉన్న శాంకరీదేవి కోసం. పద్దెనిమిది శక్తిపీఠాల వరసలో మొదటి పేరు లంకలోని శాంకరీదేవిదే. ఆ తర్వాతే కంచి కామాక్షి. మన అలంపురం జోగుళాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం, ద్రాక్షారామం అన్నీ ఆ వరసలోనివే. మా అత్త ఈ పేర్లు రోజూ చదివేది. ఆమె కాలంలో ఆ మొదటి పేరుగల చోటుకి పోవడమంటే కలలో మాట. నేను పోయి అక్కడ ఆమె పేరు చెప్పుకొని కుంకుమ పూజ చేయించాను.

ఇక పాతదా కొత్తదా అంటారా, కాళహస్తి గాలిగోపురం కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది 2010 మేలో కుప్పకూలింది. ఆ రోజు మన జిల్లాలో ఎంతమంది అన్నం మానేశారో నాకు తెలుసు. మళ్లీ కట్టారు. అంతమాత్రాన ఆ గోపురం కింద నుంచి పోతే కొత్త గుడికి పోయినట్టా? కోణేశ్వరం పేరు కూడా దక్షిణ కైలాసమే, కాళహస్తిలాగే. పోర్చుగీసువాళ్లు వచ్చినప్పుడు పూజారులు విగ్రహాల్ని మట్టిలో పాతిపెట్టారు. 1950లో బావి తవ్వుతుంటే అవి బయటపడ్డాయి. 1956 ప్రాంతంలో కొండ కింద సముద్రంలో మునిగి చూస్తే పాత గుడి స్తంభాలు, రాళ్లు కనిపించాయి. మునిగి చూసినవాళ్లలో ఆర్థర్ క్లార్క్ అనే రచయిత కూడా ఉన్నాడు. మూడు వందల ఏళ్లు మట్టిలో ఉండి లేచొచ్చిన దేవుడు పాతవాడా కొత్తవాడా?

కావలి_మాస్టారు
అమ్మా, ఆ మాట తొందరపడి అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. విగ్రహాలు పాతవే. తమిళ శైవకవి తిరుజ్ఞాన సంబంధర్ ఆ స్వామి మీద పాడాడు కాబట్టి క్షేత్రం పల్లవుల నాటికే పేరున్నదని కూడా ఒప్పుకుంటాను. కాళహస్తి పోలిక మాత్రం పూర్తిగా కుదరదు. అక్కడ పడింది గాలిగోపురం ఒక్కటే, లోపలి గుడి అంతా అట్లాగే ఉంది. ఇక్కడ పాత కట్టడం నిలబడి లేదు. క్షేత్రం పాతదైతే భక్తుడికి చాలు. రాయి మీద చెయ్యి పెట్టి, ఈ అక్షరం వెయ్యేళ్ల కిందట ఒక మనిషి ఉలితో చెక్కాడు అనుకోవడంలో ఇంకో రకం భక్తి ఉంది. అది కూడా భక్తేనమ్మా. నా జీవితమంతా పిల్లలకి చెప్పిన పాఠం అదే.

కందుకూరు_అక్క
ఆ మాటకి మాత్రం నేను అడ్డు చెప్పను అన్నా.

తడ_గట్టు
మాది సరిహద్దు ఊరు, ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. ట్రింకోమలిలో మా చిన్నాన్న స్నేహితుడి వాళ్లింట్లో వారం ఉన్నాను. మాస్టారూ, మీక్కావాల్సిన చోళుల అక్షరాలకి పొలన్నరువ దాకా పోనక్కర్లేదు. ఊరికి కాస్త అవతల వెల్గం విహార అని ఉంది. అది బౌద్ధ విహారం. చోళులు దాన్ని పడగొట్టలేదు, రాజరాజ పెరుంపళ్లి అని పేరు పెట్టారు. వాళ్ల కాలంలో దానికి వచ్చిన దానాలు చెప్పే తమిళ శాసనాలు ఇప్పటికీ అక్కడున్నాయి. అక్కడి తమిళులు నాదనార్ కోవిల్ అంటారు. ఇటుక గోడల మధ్య నిలువెత్తు రాతి బుద్ధుడు. నేను పొయినప్పుడు మనుషులే లేరు, కోతులు, గాలి, చెరువు. నాకు కోణేశ్వరం కంటే అదే మనసులో ఉండిపోయింది, నిజం చెప్తున్నా.

ఆ దారిలోనే కన్నియా వేడినీళ్ల బావులు, ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. ఏడు బావులు, ఒక్కోదాంట్లో ఒక్కో వేడి. రావణుడు తల్లికి కర్మలు చేయడానికి పుట్టించాడని చెప్పుకుంటారు. పితృకార్యాలకి తమిళులు అక్కడికి వస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నాలుగు చెంబులు పోసుకుంటే హాయిగా ఉంటుంది. దిగి ఈదేవి కాదు, తోడి పోసుకునేవి.

పెన్నా_ఒడ్డు
ఇది మాకెవరూ చెప్పలేదు! తడ తమ్ముడూ, రెండూ ఒక్క రోజులో అవుతాయా?

తడ_గట్టు
నింపాదిగా అవుతాయి. ముందు కోణేశ్వరం పోండి, పొద్దున ఎండ రాకముందు. కోట గేటు దాటాక ఎత్తు ఎక్కాలి, చుక్కల జింకలు రోడ్డు మీదే తిరుగుతుంటాయి, చేతిలో అరటిపండ్లు ఉంటే మీదికి వస్తాయి. చెప్పులు విప్పాక బండ కాలుతుంది, పెద్దవాళ్లు చూసుకోవాలి. గుడి వెనకాల రావణుడి నరుకు అని కొండ చీలిక చూపిస్తారు, కింద సముద్రం. అక్కడ చెట్టుకి పిల్లలు కావాలనుకునేవాళ్లు చిన్నచిన్న ఉయ్యాలలు కట్టి ఉంటారు. మగవాళ్లు పంచె తీసుకుపోండి. మధ్యాహ్నం గుడి మూసే వేళ బండి మాట్లాడేటప్పుడే డ్రైవర్‌ని అడగండి. తర్వాత ఊళ్లో భోజనం, ఆపైన కన్నియా, వెల్గం విహార. తమిళం నాలుగు ముక్కలొచ్చిన వాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి, బేరం వాళ్లకే వదిలేయండి.

ఇసుకదిబ్బ (కృష్ణపట్నం)
ఇదైతే నేను కూడా ఒప్పుకుంటా. ఎక్కడున్నా అరగంటలో రేవుకి వచ్చేయొచ్చు. 22 మందికి ఒక పెద్ద బస్సు కాకుండా రెండు వ్యాన్లు మాట్లాడు అన్నా. ఒకటి చెడిపోతే రెండోది ఉంటుంది. రేవుకి తిరిగొచ్చాకే డబ్బులు ఇవ్వు. లంక టైం మన టైమే, గడియారం తిప్పే పని లేదు, అదొక్కటి నెమ్మది. పాస్‌పోర్టు కాపీలు, లంక వాళ్ల ఆన్‌లైన్ అనుమతి కాగితం ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి, ఒక్కరి సంచిలో కాదు. ఓడలో కాగితం ఏజెంటు ఫోన్ నంబరుతో సహా ఇస్తారు, దాన్ని ఫోటో తీసుకోండి.

కావలి_మాస్టారు
వెల్గం విహార పేరు చదివి ఉన్నాను గానీ అంత దగ్గరని తట్టలేదు. తడ వారికి ధన్యవాదాలు. నెల్లూరు మిత్రులకి ఒక్క విన్నపం. అక్కడికి వెళ్లినప్పుడు ఫోటో తీసుకొని బండెక్కేయకండి. శాసనాల దగ్గర అరగంట నిలబడండి. శివభక్తులైన రాజుల ఏలుబడిలో బుద్ధుడికి దీపాల కోసం ఇచ్చిన దానాల కాగితాలవి, రాతి మీద రాసినవి. పొలన్నరువ మీద నా మాట మారలేదు. ఎప్పుడన్నా విమానంలో పోయి మూడు రోజులుండి చూడాల్సిన చోటు అది, ఓడ దిగి పరుగెత్తే చోటు కాదని మాత్రం ఈ లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను.

పెన్నా_ఒడ్డు
సాయంత్రం మా వాళ్లకి ఇదంతా చదివి వినిపించాను. 17 మంది కోణేశ్వరం, వెల్గం విహారకి ఊఁ అన్నారు. ముగ్గురు ఓడవాళ్ల టూరులో పొలన్నరువ ఉంటే దాన్లోనే పోతామన్నారు. పోనీమన్నాను, వాళ్లిష్టం. నడకకి రాని ఇద్దరి ఇళ్లకి రేపు పొద్దున నేనే పోతా. మాస్టారు గారూ, ఆ శాసనాల్లో రాజరాజ అన్న పేరు ఎట్టా గుర్తుపట్టాలో నాలుగు అక్షరాలు రాసి పంపగలరా? అచ్చేసి 22 మందికీ పంచుతా.

కందుకూరు_అక్క
అన్నా, మీరు పొయ్యేటప్పుడు మా అత్త పేరు మీద కూడా ఒక కొబ్బరికాయ కొట్టండి. గోత్రం రాసి పంపుతా.