1966 మస్టాంగ్‌కి డ్రమ్ బ్రేకులే ఉంచాలా, ముందు చక్రాలకి డిస్కులు వేయించాలా?

ప్లేనో కుర్రాడు
బండి 1966 మస్టాంగ్ కూపే. 289 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజను, ఆటోమేటిక్, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, పవర్ బ్రేకు లేదు. ఆదివారాలు మా ఆవిడ, పిల్లలు కూడా ఎక్కుతారు. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగుతోంది. ఇక్కడి మెకానిక్ ముందు చక్రాలకి డిస్క్ కిట్ వేయించేయమంటున్నాడు. నాకు బండి అమ్మిన పెద్దాయనేమో "ఇన్నేళ్ళూ ఆగింది, ఇకముందూ ఆగుతుంది, ముట్టుకోకు" అన్నాడు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా ఎత్తేశారు. మంచీ చెడూ మనమే చూసుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

స్పానర్ శాస్త్రి
డిస్కులే తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికేముంది? నీ ముందు పోయే బండ్లన్నిటికీ ఏబీఎస్ ఉంది. వాడు టక్కున ఆగుతాడు, నువ్వు ఆగలేవు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలినుంచి దాన్ని ఒత్తే షూలకి దూరం జరుగుతుంది, పెడల్ కిందకి దిగుతుంది. షూ మీద రాసుకునే పొర, అదే లైనింగ్, కూడా వేడికి పట్టు వదిలేస్తుంది. నీళ్ళలోంచి పోయి వచ్చాక మొదటిసారి తొక్కితే ఒక చక్రం పడుతుంది, ఇంకోటి పట్టదు. ఇక ఒరిజినాలిటీ అంటావా, 1965లోనే ముందు డిస్కులు ఆప్షన్‌గా ఇచ్చింది ఫోర్డ్ వాడే కదా! కెల్సీ-హేస్ నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు, అంటే డిస్కుని ప్యాడ్లతో నొక్కిపట్టేవి. అప్పట్లో డబ్బు పెట్టినవాడికి దొరికింది, ఇప్పుడు నువ్వు పెట్టు.

ఎడిసన్ లక్ష్మి
శాస్త్రి గారూ, ఫోర్డ్ ఇచ్చినదీ ఇప్పుడు పెట్టెలో వచ్చే కిట్టూ ఒకటి కాదండి. మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా షోల్లో కాంకోర్సు తరగతికి, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాల్సిన బండ్ల పోటీకి, వెళ్తే ఆ తేడాకి మార్కులు కోస్తారు. షోలకి వెళ్ళని బండైతే ఆ గొడవ లేదు. అయినా కొనే ముందు చక్రాలు చూసుకోండి. కొన్ని కిట్ల క్యాలిపర్లు 14 అంగుళాల స్టాక్ చక్రం లోపల పట్టవు, కొత్త చక్రాలూ కొనాల్సొస్తుంది. ఏది మార్చినా విప్పిన పాత సామాను పారేయకండి. పేరు రాసి అట్టపెట్టెలో దాచండి. రేపు కొనేవాడు మొదట అడిగేది ఆ పెట్టే.

డెట్రాయిట్ బాబాయ్
డ్రమ్మా డిస్కా తర్వాత తేల్చుకోవచ్చు. బాబూ, ముందు హుడ్ ఎత్తి, పెడల్ తొక్కితే బ్రేకు నూనెని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ చూడు. 66 కాబట్టి ఒకటే గది ఉంటుంది, నాలుగు చక్రాలకీ నూనె అక్కణ్ణుంచే. ఏదో ఒక చక్రం దగ్గర షూలని నెట్టే వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పు పోయినా, వెనక ఇరుసు మీది గొట్టం తుప్పుకి చిల్లుపడినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. పెడల్ నేలకి తగులుతుంది, నీ చేతిలో మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ రెండు గదులది పెట్టింది. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఒకవైపు పోయినా రెండోవైపుతో ఆగొచ్చు. 67 డ్రమ్ బండికి వచ్చే మాస్టర్ సిలిండర్ మీ 66లో ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ మీద బిగుస్తుంది. గొట్టాలు మాత్రం కొత్తగా వంచుకోవాలి, పెడల్ నుంచి సిలిండర్‌ని నెట్టే పుష్‌రాడ్ పొడవు సరిచూసుకోవాలి. డిస్కులకయ్యే ఖర్చులో ఇది చిన్న భాగమే. ఒక గది సిలిండర్‌ని అలాగే వదిలేసి ముందు మెరిసే డిస్కులు వేయించుకున్న బండ్లు నేను చాలా చూశాను. నాకు భయం వేసేది వాటిని చూస్తేనే.

డ్రమ్ములకి చెడ్డపేరు తెచ్చింది సగం సర్దుబాటు చేయనివాళ్ళు. నీ వి8కి పది అంగుళాల డ్రమ్ములుంటాయి, సిక్స్ సిలిండర్ బండి తొమ్మిది అంగుళాల వాటికంటే ఎంతో నయం. ఒక షూ తిరిగే డ్రమ్ముతో పాటు లాగబడి రెండో షూని నెడుతుంది, అందుకే పవర్ బ్రేకు బూస్టర్ లేకుండానే కాలికి తేలిగ్గా ఉంటుంది. డిస్కుకి ఆ సాయం లేదు, బూస్టర్ లేకపోతే గట్టిగా తొక్కాలి. షూలు అరిగేకొద్దీ వాటిని డ్రమ్ముకి దగ్గర జరిపే సెల్ఫ్ అడ్జస్టర్లు పనిచేసేది రివర్సులో పోతూ బ్రేకు వేసినప్పుడు. ఎప్పుడూ ముందుకే పోయే బండికి, ఆ సర్దుబాటు పళ్ళచక్రం, అదే స్టార్ వీల్, తుప్పుపట్టిన బండికి అవి ఉన్నా లేనట్టే.

స్పానర్ శాస్త్రి
బాబాయ్, రెండు గదుల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎంత సర్దినా బ్లూ రిడ్జ్ కొండ దిగేటప్పుడు డ్రమ్ము డ్రమ్మే. వెనక సీట్లో పిల్లలున్న బండికి చరిత్రా వారసత్వమా అని లెక్కలేంటి?

డెట్రాయిట్ బాబాయ్
ప్లేనోలో కొండలెక్కడున్నాయి శాస్త్రీ? కొండల్లో తిప్పేవాడైతే డిస్కులు వేయించుకోమని నేనే చెబుతాను. పిల్లల మాట ఎత్తావు కాబట్టి, ఆ బండిలో భుజం బెల్టులే లేవు, నడుము బెల్టులే. ముందు సీట్లకి భుజం బెల్టులు 1968 నుంచి గానీ తప్పనిసరి కాలేదు. స్టీరింగ్ కడ్డీ ముందున్న స్టీరింగ్ గేర్ బాక్సు నుంచి తోలేవాడి ఛాతీదాకా ఒకటే ముక్క, గుద్దితే మడత పడదు. భద్రతే అయితే డిస్కు కంటే ముందు బెల్టుల మీద డబ్బు పెట్టమంటాను.

ఇంకోటి. డిస్కులు వేయిస్తే మాస్టర్ సిలిండర్ కూడా వాటికి తగ్గదే ఉండాలి. డ్రమ్ము లైనులో కాస్త ఒత్తిడి నిలబెట్టే రెసిడ్యువల్ వాల్వు ఉంటుంది. అదే ఒత్తిడి డిస్కులకి పోతే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. వెనక డ్రమ్ముల లైనులో ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు లేకపోతే తడిరోడ్డు మీద వెనక చక్రాలు ముందు బిగుసుకుని బండి తిరిగిపోతుంది. కిట్ కొన్నంత సులువు కాదు దాన్ని సరిగ్గా కూర్చడం.

ప్లేనో కుర్రాడు
శనివారం ముందు రెండు డ్రమ్ములూ విప్పాను. కుడివైపు షూల మీద నూనె తడి ఉంది. రెండువైపులా పొడుగు లైనింగ్ షూ బండి ముందువైపుకి, పొట్టిది వెనక్కి బిగించారు. ఇది సరేనా?

డెట్రాయిట్ బాబాయ్
తిరగబడింది. పొట్టిది ప్రైమరీ, ముందుకి ఉండాలి. పొడుగుది సెకండరీ, ఎక్కువ పని దానిదే, వెనక్కి ఉండాలి. ఎడమకి లాగడానికి కారణం కుడివైపు నూనె. ఆ పక్క పట్టడం లేదు. వీల్ సిలిండర్లు, షూలు రెండు పక్కలా జతగా మార్చు. డ్రమ్ములు కొలిపించు, పది అంగుళాల మీద 0.060 అంగుళం దాటితే కొత్తవే. దుమ్ము మాత్రం గాలి కొట్టి ఊదకు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిపి తుడువు.

ఎడిసన్ లక్ష్మి
అంతా విప్పారు కాబట్టి రబ్బరు హోసులూ మార్చేయండి. బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. అప్పుడు కూడా బండి ఒక పక్కకే లాగుతుంది.

ప్లేనో కుర్రాడు
షూలు, సిలిండర్లు, హోసులు, 67 మాస్టర్ సిలిండర్ ఆర్డర్ పెట్టాను. డిస్కులు ఇప్పటికి లేవు. నూనె డాట్ 3 పోయాలా, డాట్ 5 పోయాలా?

స్పానర్ శాస్త్రి
డాట్ 5. తేమ పీల్చదు, పెయింటు తినదు. నెలల తరబడి గరాజులో నిలబడే బండికి అదే మేలు.

డెట్రాయిట్ బాబాయ్
డాట్ 3 పోసి రెండేళ్ళకోసారి మార్చు. డాట్ 5 అంటే సిలికాన్, అందులో గాలి బుడగలు ఓ పట్టాన పోవు, పెడల్ మెత్తగా ఉంటుంది. దాన్ని పాత నూనెతో అసలు కలపకూడదు. శాస్త్రి మళ్ళీ మొదలుపెట్టేలోపు ఎడమ చక్రం స్టార్ వీల్ తిరుగుతోందో లేదో చూసి చెప్పు.