రాష్ట్రపతి ఎన్నికలో ఎవరికి వేస్తారో మన ఎమ్మెల్యేని అడగాలా, వద్దా?

ఆత్మకూరు రైతుబిడ్డ:
2027 జులైలో ద్రౌపది ముర్ము గారి గడువు అయిపోతుంది. మళ్ళీ రాష్ట్రపతి ఎన్నిక. వేసేది ఎమ్మెల్యేలు, ఎంపీలే అయినా ఆ ఓటు వాళ్ళ సొంతం అంటే నేను ఒప్పుకోను. మన ఎమ్మెల్యే ఓటు విలువ 159, అంటే ఆయన ఒక్క ఓటును 159గా లెక్కేస్తారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1971 లెక్కల ప్రకారం ఉన్న 2.78 కోట్ల జనాన్ని 175 సీట్లతో, ఆ వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే వచ్చిన అంకె అది. మా అవ్వ, మా నాయన అందులో ఉండారు.
2022 జూన్‌లో మా ఆత్మకూరులో ఉప ఎన్నిక జరిగింది. నెల తిరక్కముందే, జులై 18న రాష్ట్రపతి ఎన్నిక. ఓట్లకని మా వీధికి వచ్చినోళ్ళు ఒక్కరూ ఆ మాట ఎత్తలా. మేమూ అడగలా. ఆ తప్పు మాదే అనిపిస్తుంది.

కావలి శీను:
అడిగి ఏం లాభం అన్నా? అప్పుడు వైసీపీ, టీడీపీ రెండూ ముర్ము గారికే అన్నాయి. పోటీగా నిలబడిన యశ్వంత్ సిన్హా గారికి మన రాష్ట్రంలో ఒక్క ఎమ్మెల్యే ఓటూ పడలా. పైవాళ్ళు తేల్చేశాక మన ఎమ్మెల్యేని పట్టుకుని ఏం చేస్తాం? నన్నడిగితే మనోడు నిలబడితే మనోడికి వెయ్యాల. చవటపాళెంలో పుట్టిన వెంకయ్య నాయుడు గారు ఉపరాష్ట్రపతి అయితే మనం పొంగిపోలేదా?

ఉదయగిరి మాస్టారు:
శీనూ, పైవాళ్ళు తేల్చినా ఈ ఎన్నికకు విప్ ఉండదు, అంటే ఫలానా వారికే వెయ్యాలని పార్టీ కట్టడి చెయ్యలేదు. ఓటు రహస్యం. 1969 గుర్తు చేసుకో. కాంగ్రెస్ అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి గారు. స్వతంత్రుడిగా వి.వి.గిరి గారు. ఆత్మప్రబోధం ప్రకారం వెయ్యమన్నారు ఇందిరాగాంధీ. మొదటి లెక్కలో ఎవరికీ కోటా, అంటే గెలవడానికి కావాల్సినన్ని ఓట్లు, రాలేదు. ఓటర్లు తమ రెండో ఎంపికగా రాసిన రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427. సొంత పార్టీ వాళ్ళే అటు వేస్తే వచ్చిన ఫలితం అది. ముందే ఊళ్ళో మాట ఇచ్చేసి ఉంటే ఆ స్వేచ్ఛ ఎక్కడుండేది? అందుకే రైతుబిడ్డ అడిగేది నాకు నచ్చలేదు. రహస్యాన్ని రహస్యంగానే ఉండనివ్వాలి.

ఆత్మకూరు రైతుబిడ్డ:
మాస్టారూ, ఓటు చూపించమనట్లేదు, ప్రమాణం చెయ్యమనట్లేదు. ఎవరిలో ఏం చూసి మొగ్గుతున్నారో చెప్పమంటుండా. పోలింగ్ రోజు మనసు మారితే మారనీండి. 1969లో అటూ ఇటూ ఎందుకు వేశారో ఊళ్ళల్లో ఎంతమందికి తెలిసింది?

కోవూరు చెంచమ్మ కూతురు:
మేము యానాదులం. ముర్ము గారు గెలిచిన రోజు మా కాలనీలో ఆడోళ్ళం టీవీ ముందు నుంచి లేవలా. ఒక ఆదివాసీ ఆడబిడ్డ మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంటే మా అమ్మ ఏడ్చింది. ఆ సంతోషం నాకిప్పటికీ ఉండాది. కానీ మనోళ్ళు అయితే చాలని మాత్రం అనను శీనూ.
ఆదివాసీ ప్రాంతాలకు రక్షణ ఇచ్చే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఏ ప్రాంతాన్ని చేర్చాలన్నా ఉత్తర్వు రాష్ట్రపతి పేరుతోనే రావాల. నెల్లూరు జిల్లాలో యానాదులు ఇంతమంది ఉన్నా షెడ్యూలు ప్రాంతం అంగుళం లేదు. మాకు ఆ రక్షణ అందదు. మంత్రివర్గం సలహా లేకుండా రాష్ట్రపతి చెయ్యలేరని నాకు తెలుసు. కానీ ఫైలు తెప్పించుకుని అడగగలరు, సలహాను ఒకసారి పునరాలోచనకు వెనక్కి పంపగలరు. రేపు నిలబడేవాళ్ళలో ఆ పని చేసేదెవరు? ఎమ్మెల్యే ఓటేసే ముందు చూడాల్సింది అదీ.

ఉదయగిరి మాస్టారు:
అమ్మా, ఈ కోణం నాకు తట్టలేదు. రహస్యం మాట మీద నేనింకా ఉన్నాను. ఈ ప్రశ్న మాత్రం ఎమ్మెల్యేని అడగాల్సిందే.

కావలి శీను:
అడిగితే "పార్టీ చెప్పినట్టే" అంటారు అక్కా, చూస్తుండు.

ఆత్మకూరు రైతుబిడ్డ:
అననీ శీనూ. అప్పుడు పార్టీ ఏం చూసి చెప్పిందో అడుగుదాం. అక్కా, నీ ప్రశ్న నువ్వు రాసినట్టే కాగితం మీద రాసుకున్నా. ఈసారి ఎమ్మెల్యే మా ఊరికి వచ్చినప్పుడు రోడ్డు అర్జీతో పాటు అది కూడా చేతికిస్తా. కోవూరులో నువ్వూ ఇస్తావా?